బీపీ మిషన్ చూపే అంకెలు: ఇంట్లో సరిగ్గా కొలవడం, చదవడం, అర్థం చేసుకోవడం

మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. ఉండేది విశాఖపట్నం మర్రిపాలెంలో, మూడో అంతస్తు. పోయిన ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం పని మీద ఎండలో బయటికి వెళ్ళి, తిరిగి వస్తూ దారిలో ఒక మందుల షాపు దగ్గర ఆగారు. కౌంటరు ముందు నిలబడే చెయ్యి చాపారు. షాపతను చొక్కా మీదనుంచే పట్టీ చుట్టి మీట నొక్కాడు. 168/96 వచ్చింది. "బీపీ బాగా ఎక్కువుంది పెద్దాయనా, ఇది వేసుకోండి" అని ఒక బిళ్లల స్ట్రిప్పు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చిన నాన్నగారి ముఖం చూసి అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ బిళ్ల వేయనివ్వలేదు. సాయంత్రం పక్క ఫ్లాటు వాళ్ళ మిషన్ అడిగి తెచ్చి, ఫ్యాను కింద కాసేపు కూర్చోబెట్టి చూస్తే 142/86. ఈ రెండింటిలో నాన్నగారి బీపీ ఏది? నిజానికి రెండూ ఆయా క్షణాల లెక్కలే. అసలు బీపీ ఎంతో తెలియడానికి మాకు ఒక వారం పట్టింది. ఆ వారంలో ఏం చేశామో, ఆ అంకెల్ని ఎలా చదవాలో వరసగా చెబుతాను. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో కొలవాలన్నా, మీకే కొలుచుకోవాలన్నా పద్ధతి ఇదే.

ముందు ఆ అంకెలు ఏమిటో తెలుసుకోండి

ఆర్కే బీచ్‌లో నీళ్ళ అంచున నిలబడితే అల వచ్చి బలంగా తాకుతుంది. వెనక్కి తగ్గాక కూడా పాదాల దగ్గర కొంత నీరు ఉంటూనే ఉంటుంది. రక్తనాళంలో జరిగేది దాదాపు ఇదే. గుండె ముడుచుకుని రక్తాన్ని తోసినప్పుడు నాళాల గోడల మీద పడే ఒత్తిడి పై నంబరు. దాన్ని సిస్టాలిక్ అంటారు. గుండె వదులై మళ్ళీ రక్తం నింపుకునే సమయంలో నాళాల్లో మిగిలి ఉండే ఒత్తిడి కింది నంబరు, డయాస్టాలిక్. మిషన్‌లో మూడో అంకె నాడి, అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో ఆ లెక్క. నాడిని బీపీ అనుకుని కంగారుపడేవాళ్ళను చాలామందిని చూశాను, అందుకే చెబుతున్నాను.

120 అంటే 120 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి. చేతికి గాలి పట్టీ కట్టి కొలిచే పద్ధతిని 1896లో ఇటలీ డాక్టరు రివా రోచ్చి తెచ్చారు. స్టెతస్కోపు పెట్టి చప్పుడు వింటూ రెండు నంబర్లూ పట్టే పద్ధతిని 1905లో రష్యా డాక్టరు కొరొట్కోవ్ చెప్పారు. ఇంట్లో వాడే డిజిటల్ మిషన్ చప్పుడు వినదు. పట్టీలో గాలి తగ్గుతున్నప్పుడు నాళం అదురును పసిగట్టి లెక్క కడుతుంది. అందుకే చెయ్యి కదిలినా, మాట్లాడినా, గుండె లయ తప్పి కొట్టుకుంటున్నా అంకె తప్పుతుంది. గుండె లయ సరిగా లేదనే గుర్తు తెర మీద పదే పదే వస్తుంటే దాన్ని పట్టించుకోకుండా వదిలేయకండి, డాక్టరుకి చెప్పి ఈసీజీ తీయించండి.

మిషన్ ఎంచుకోవడం

మోచేతికి పైన, దండకు కట్టే మిషనే కొనండి. మణికట్టు మిషన్లు, చేతి గడియారాలు చూపే అంకెల మీద ఆధారపడి మందు మార్చుకోకూడదు. కొనేటప్పుడు అందరూ కంపెనీ చూస్తారు, పట్టీ సైజు ఎవరూ చూడరు. దండ చుట్టుకొలత టేపుతో కొలవండి. మామూలు పట్టీలు సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతాయి. ఎంతవరకు పనికొస్తుందో పట్టీ మీదే రాసి ఉంటుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే ఉన్నది తక్కువగా కనిపిస్తుంది.

కొన్న మిషన్‌ను ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడి మిషన్‌తో పోల్చి చూడండి. ఆ తర్వాత ఏడాదికోసారి చాలు.

కొలిచే ముందు కూర్చునే పద్ధతి

అసలు విద్య అంతా ఇక్కడే ఉంది. మందుల షాపులో మా నాన్నగారికి జరిగినవన్నీ ఒక్కొక్కటిగా తీసేసుకుంటూ వెళ్తే సరైన పద్ధతి వస్తుంది.

కొలవడానికి అరగంట ముందు కాఫీ, టీ, సిగరెట్, నడక, మెట్లెక్కడం ఏవీ వద్దు. బీచ్ రోడ్డులో వాకింగ్ చేసొచ్చి, చెమట ఆరకముందే చూసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. అది నడక తర్వాతి బీపీ. మూత్రానికి వెళ్ళాలనిపిస్తుంటే ముందు వెళ్ళి రండి. నిండిన మూత్రాశయం కూడా అంకెను పెంచుతుంది.

వీపుకు ఆనుడున్న కుర్చీలో కూర్చోండి. మంచం అంచు, స్టూలు పనికిరావు. రెండు పాదాలూ నేల మీద ఆనాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చొక్కా చెయ్యి పైకి లాగితే దండకు బిగుసుకుంటుంది, కాబట్టి విప్పేయడమే మంచిది. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ళ పైన ఉండాలి. గొట్టం చేతి లోపలి వైపు మధ్యగా రావాలి. కట్టాక పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులుంటే సరి.

తర్వాత చెయ్యి ఎత్తు. చేతిని బల్ల మీద పెట్టి, కింద దిండో మడతపెట్టిన దుప్పటో వేసి పట్టీ సరిగ్గా గుండె ఎత్తుకు వచ్చేలా చూడండి. చెయ్యి కిందికి వేలాడుతుంటే అంకె పెరుగుతుంది, గుండెకు పైన ఉంటే తగ్గుతుంది. ఒక అంగుళం తేడాకు దాదాపు 2 పాయింట్లు మారతాయి. నాన్నగారి దగ్గర మొదట్లో చెయ్యి ఒళ్ళో పెట్టించి చూశాం. ఆ తర్వాత డైనింగ్ టేబుల్ మీద రెండు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పెట్టి, వాటి మీద చెయ్యి ఆనించి చూస్తే పై నంబరు 9 పాయింట్లు తక్కువగా వచ్చింది. మనిషి అదే, మిషన్ అదే, మధ్యలో గడిచింది రెండు నిమిషాలు. ఆ రోజునుంచి ఆ డైరెక్టరీలు ఆ టేబుల్ మీదనుంచి కదల్లేదు.

అలా కూర్చున్నాక 5 నిమిషాలు మౌనంగా ఉండాలి. టీవీ ఆపేయండి, ఫోన్ పక్కన పెట్టేయండి. మా ఇంట్లో కష్టమైంది ఈ ఒక్కటే. "నాన్నగారూ, ఈ ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకండి" అంటే, "సరేలేమ్మా, మాట్లాడను, గ్యాస్ బండ వచ్చిందా?" అనేవారు. కొలుస్తుండగా మాట్లాడితే అంకె 10 పాయింట్ల దాకా పెరగవచ్చు.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. ఏ చేతికి ఎక్కువ వస్తే ఇకనుంచి ఆ చేతికే కొలవండి. రెండు చేతుల మధ్య పై నంబరులో 10 పాయింట్లకు మించి తేడా పదే పదే వస్తుంటే డాక్టరుకి చెప్పండి.

ఏడు రోజుల నోటుబుక్కు

ఒక రూళ్ళ పుస్తకం తీసుకోండి. తేదీ, టైము, పై నంబరు, కింది నంబరు, నాడి, చివర ఒక ఖాళీ గడి. ఉదయం లేచి కాలకృత్యాలు అయ్యాక, టిఫినుకూ బీపీ బిళ్లకూ ముందు ఒకసారి. రాత్రి పడుకునే ముందు మరోసారి. ప్రతిసారీ నిమిషం తేడాతో రెండు రీడింగులు తీయండి. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళు గడియారం చూడక్కర్లేదు. నైట్ షిఫ్టు చేసినవాళ్ళకు నిద్ర లేచిందే ఉదయం, మళ్ళీ పడుకోబోయేదే రాత్రి.

వచ్చిన అంకెను వచ్చినట్టు రాయాలి. 147 వస్తే 145 అని సరిచేయకూడదు, నచ్చలేదని మళ్ళీ మళ్ళీ కొట్టి అన్నిటికన్నా తక్కువది రాసుకోకూడదు. ఖాళీ గడిలో "రాత్రి నిద్ర లేదు", "మోకాలి నొప్పి బిళ్ల వేసుకున్నాను", "పెళ్ళి భోజనం" లాంటివి రాయండి. డాక్టరుకి అంకెలతో సమానంగా ఇవీ పనికొస్తాయి.

నాన్నగారి మూడో రోజు పేజీ ఇలా ఉంది. ఉదయం 146/88, 139/86. రాత్రి 141/84, 136/82. పై నంబర్లు నాలుగూ కలిపితే 562, నాలుగుతో భాగిస్తే 140.5. కింది నంబర్లు కలిపితే 340, సగటు 85. ఇదే పద్ధతిలో ఏడు రోజులూ రాసి, మొదటి రోజు అంకెల్ని లెక్కలోంచి తీసేయాలి, ఎందుకంటే కొత్త మిషన్ ముందు కూర్చున్న టెన్షన్ ఆ రోజు ఎక్కువగా ఉంటుంది. మిగతా ఆరు రోజుల 24 రీడింగుల సగటే మీ ఇంటి బీపీ. నాన్నగారిది 138/84 తేలింది.

ఈ వారం అయిపోయాక రోజుకు పదిసార్లు చూసుకోవడం మాత్రం వద్దు. చూసిన ప్రతిసారీ భయం, భయంతో ఇంకాస్త బీపీ. దానికి అంతుండదు.

ఆ సగటును ఎక్కడ పెట్టి చూడాలి

120/80 లోపు ఉంటే నిశ్చింత. డాక్టరు దగ్గర సరైన పద్ధతిలో, వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు 140/90, అంతకుమించి వస్తుంటే హై బీపీ అంటారు. మన దేశంలో డాక్టర్లు ఎక్కువగా పట్టుకునే గీత ఇదే. 160/100 దాటితే తీవ్రత పెరిగినట్టు. అమెరికా గుండె వైద్యులు 2017లో ఈ గీతను 130/80కి దించారు. ఒక డాక్టరు "ఉంది" అని, మరొకరు "ఇంకా లేదు, జాగ్రత్త" అని చెప్పడానికి ఒక కారణం ఇది. గీత ఎక్కడ గీసినా 130 దాటినవాళ్ళు ఉప్పు, బరువు, నడక సంగతి ఆ రోజునుంచే చూసుకోవాలి.

ఇంటి కొలతకు గీత వేరు. ఇంట్లో మనసు కుదురుగా ఉంటుంది కాబట్టి 135/85 దగ్గరే హై బీపీ మొదలైనట్టు లెక్క. పై, కింది నంబర్లలో ఏ ఒక్కటి గీత దాటినా దాటినట్టే. నాన్నగారి 138/84లో కింది నంబరు లోపలే ఉంది, పైది దాటింది. అంటే ఆయనకు హై బీపీ ఉంది, కానీ షాపులో చూపించినంత లేదు.

ఆస్పత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలుగా వచ్చేవాళ్ళు కొందరు. తెల్లకోటు చూస్తే పెరిగే బీపీ అది. ఆస్పత్రిలో బాగుండి ఇంట్లో, పనిలో పెరిగేవాళ్ళు మరికొందరు. వీళ్ళే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. నోటుబుక్కు పట్టించేది వీళ్ళనే.

అరవై దాటినవాళ్ళలో 152/78 లాంటి రీడింగులు తరచు కనిపిస్తాయి. వయసుతో పెద్ద రక్తనాళాలు గట్టిపడి పై నంబరు ఒక్కటే పెరుగుతుంది. "కింది బీపీ బాగుందిగా, పర్వాలేదు" అని వదిలేయకూడదు. పక్షవాతానికి, గుండెపోటుకి ఆ పై నంబరు చాలు. అలాగే "వయసుకి వంద కలిపితే ఎంతో అంత ఉండొచ్చు" అనే పాత లెక్క ఒకటి ఇంకా తిరుగుతోంది. డెబ్బై ఏళ్ళాయనకు 170 మామూలే అనే ఆ మాట వల్ల చికిత్స అందక మంచాన పడ్డవాళ్ళున్నారు. దయచేసి ఎవరైనా అంటే ఖండించండి.

గర్భిణుల విషయం పూర్తిగా వేరు. 140/90 వస్తే వారం ఆగి చూద్దాం అనుకోకుండా అదే రోజు డాక్టరుకి చూపించాలి. 160/110 అయితే నేరుగా ఆస్పత్రికే. 20 వారాలు దాటాక తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం చేతులు ఉబ్బడం బీపీతో కలిసి వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.

90/60 లోపు వచ్చినా, తల తిరగడం, నీరసం లాంటివి లేకపోతే చాలామందికి అది వాళ్ళ సహజమైన బీపీయే.

పెద్దవాళ్ళను నిలబెట్టి కూడా చూడండి

షుగరు ఉన్నవాళ్ళకు, బీపీ బిళ్లలో ప్రోస్టేట్ మందులో వాడేవాళ్ళకు కూర్చున్నప్పటి రీడింగు ఒక్కటే సరిపోదు. కూర్చోబెట్టి కొలిచాక లేపి నిలబెట్టి, ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ కొలవండి. పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై నంబరు 20 గాని కింది నంబరు 10 గాని పడిపోతే, రాత్రి బాత్రూంకి లేచినప్పుడు కళ్ళు బైర్లు కమ్మి పడిపోయే ప్రమాదం ఉన్నట్టే. ఈ అంకె డాక్టరుకి తప్పకుండా చెప్పాలి.

వెంటనే బయల్దేరాల్సిన వేళ

180/120, అంతకుమించి కనిపిస్తే ముందు కూర్చుని 5 నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. రెండోసారీ అంతే ఉండి, ఒంట్లో ఏ బాధా లేకపోతే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా రెండో బిళ్ల మింగడం, నాలుక కింద మందు పెట్టుకోవడం వద్దు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం అందదు.

ఆ అంకెతో పాటు గుండెనొప్పి, ఆయాసం, మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, భరించలేని తలనొప్పి, చూపు తగ్గడం ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం లక్షణాలుంటే బీపీ ఎంత ఉందన్నది తర్వాత. మెదడు నాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వగలరు. లక్షణం మొదలైన టైము గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పండి. ఆయిల్ మర్దనలు, నాటు మందులు అంటూ ఆ గంటలు పోగొట్టుకోవద్దు.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను. దీన్ని వంటింట్లో కొలవడం కష్టం. మేం చేసిన పని, కిలో ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ రాయడం. నలుగురున్న ఇంట్లో నెలకు 600 గ్రాములకు మించకూడదు. కిలో ప్యాకెట్ నెలకే ఖాళీ అయితే తలా 8 గ్రాములు దాటినట్టు. ఆవకాయ, అప్పడాలు, బయటి టిఫిన్లు ఇందులో కలపలేదు.

ఉప్పుచేప, పప్పుచారు మనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు. పూర్ణా మార్కెట్ నుంచి ఎండు నెత్తళ్ళు తేకుండా అమ్మ ఉండలేదు. అందుకని వారానికి రెండుసార్లున్నది పదిహేను రోజులకోసారి చేశాం. వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు వేయడం మానేశాం. మజ్జిగన్నంలో ఉప్పు కూడా పోయింది. నాలుక మూడు నాలుగు వారాల్లో అలవాటు పడింది.

"వైజాగ్ ఉక్కపోతలో చెమట పోతుంది కదా, ఉప్పు తినాలి" అనేవాళ్ళకు ఒక మాట. ఫ్యాను కింద కూర్చుని కార్చే చెమటకు అదనపు ఉప్పు అక్కర్లేదు. ఇందుప్పు కూడా ఉప్పే, అందులోనూ ఉండేది సోడియమే. సోడియం తక్కువ ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ బిళ్లలు వాడేవాళ్ళు డాక్టరుని అడగకుండా వాటి జోలికి వెళ్ళకూడదు.

వారానికి 150 నిమిషాలు కాస్త వేగంగా నడవడం, బరువు తగ్గడం, పొగ, మద్యం మానడం మీకు తెలిసినవే. అధిక బరువు ఉన్నవాళ్ళలో కిలో తగ్గితే సుమారు ఒక పాయింటు బీపీ తగ్గుతుంది. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవాళ్ళకు ఆ నిద్ర జబ్బే బీపీకి కారణం కావచ్చు.

నోటుబుక్కుతో డాక్టరు దగ్గరికి

వాడుతున్న ప్రతి మందూ కవరులో వేసి తీసుకెళ్ళండి, మందుల షాపులో సొంతంగా కొన్నవాటితో సహా. మా నాన్నగారి కవరులోంచి డాక్టరుగారు ముందు బయటికి తీసింది మోకాలి నొప్పికి వాడుతున్న డైక్లోఫెనాక్. ఆ రకం నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. నోటుబుక్కు చివరి గడిలో "నొప్పి బిళ్ల" అని రాసిన రోజులు వేలుపెట్టి చూపించి ఆపించారు. తర్వాత ఈసీజీ, షుగరు, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్షలు రాశారు. బీపీ దెబ్బ తగిలేది గుండెకు, మెదడుకు, కిడ్నీలకు, కంటికి కాబట్టి మొదట్లోనే ఇవి చూసుకోవాలి. ఒక బిళ్ల, తక్కువ మోతాదులో మొదలుపెట్టారు.

ప్రైవేటు ఫీజు కట్టలేనివాళ్ళు ఆగిపోనక్కర్లేదు. దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో బీపీ ఉచితంగా చూస్తారు, మామూలు బీపీ బిళ్లలూ ఉచితంగానే ఇస్తారు. పెద్ద పరీక్షలు కావాలంటే విశాఖలో ప్రభుత్వ పెద్దాస్పత్రి కేజీహెచ్ ఉంది. ముప్పై దాటినవాళ్ళు ఒంట్లో ఏ బాధా లేకపోయినా చూపించుకోవాలి, ఎందుకంటే హై బీపీ చాలామందిలో ఏ లక్షణమూ చూపదు.

బిళ్ల వల్ల ఇబ్బంది ఉంటే చెప్పడానికి మొహమాటపడకండి. అమ్లోడిపిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, రామిప్రిల్, ఎనలాప్రిల్‌తో పొడి దగ్గు వస్తుంది. మార్చడానికి వేరే మందులున్నాయి. చెప్పకుండా మానేయడమే ప్రమాదం. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ బిళ్లలు ఉన్నట్టుండి ఆపితే గుండెకు దెబ్బ.

మూడు నెలల తర్వాత నాన్నగారి వారం సగటు 126/78. "ఇక తగ్గిపోయింది కదండీ, బిళ్ల మానేయొచ్చా?" అని అడిగారు. డాక్టరుగారు నోటుబుక్కులో పాత పేజీ, కొత్త పేజీ పక్కపక్కన తెరిచి, "ఇక్కణ్ణుంచి ఇక్కడికి తెచ్చింది మీ ఉప్పు, మీ నడక, ఈ బిళ్ల. మూడింటిలో ఏది తీసినా మళ్ళీ మొదటి పేజీకే వెళ్తాం" అన్నారు. ఇప్పుడు నాన్నగారు నెలకు రెండు మూడు రోజులే కొలుచుకుంటున్నారు. డాక్టరు అపాయింట్‌మెంటుకు వారం ముందునుంచి మాత్రం మళ్ళీ ఏడు రోజులూ, పొద్దునా రాత్రీ, ఆ టెలిఫోన్ డైరెక్టరీల మీద చెయ్యి ఆనించి, ఐదు నిమిషాలు నోరు మెదపకుండా కూర్చుంటారు.